విశాఖ ఉక్కుకు 11,440 కోట్లు: నిలబెట్టడమా, అమ్మకాన్ని వాయిదా వెయ్యడమా?

ఉక్కునగరం_2
2021 జనవరి 27న ఆర్థిక వ్యవహారాల కేంద్ర మంత్రివర్గ కమిటీ విశాఖ ఉక్కు ప్లాంటుని నడిపే ప్రభుత్వ కంపెనీ ఆర్‌ఐఎన్‌ఎల్‌లో నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దానికి నాలుగేళ్లు నిండటానికి పది రోజుల ముందు, అంటే 2025 జనవరి 17న, అదే కమిటీ 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. ఇందులో 10,300 కోట్లు వాటా మూలధనం. మిగిలిన 1,140 కోట్లు కొత్త సొమ్ము కాదు. 2024 సెప్టెంబరులో రోజువారీ నిర్వహణకి (వర్కింగ్ క్యాపిటల్) ఇచ్చిన అప్పునే 7 శాతం ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చారు, పదేళ్ల తర్వాత తీర్చాలి. 2024 మార్చి ఆఖరుకి కంపెనీ మీదున్న బాధ్యతలు 26 వేల కోట్లు దాటాయి. ఆ ఏడాది నష్టం 4,848 కోట్లు. ఈ డబ్బుతో ప్లాంటు నిలబడుతుందా? లెక్కలతో మాట్లాడేవాళ్లు రండి. నినాదాలు అందరికీ తెలిసినవే.

కేకే_లైన్
సొంత గనులు లేకుండా ఎన్ని కోట్లు పోసినా నిలవదు. 73 లక్షల టన్నుల ప్లాంటు పూర్తిగా నడవాలంటే టన్ను హాట్‌మెటల్‌కి (ఫర్నేసులోంచి వచ్చే ద్రవ ఇనుము) సుమారు 1.6 టన్నుల ఇనుప ఖనిజం కావాలి. రోజుకి 32 వేల టన్నుల పైమాట, అంటే ఎనిమిది తొమ్మిది గూడ్సు రైళ్లు (రేకులు) కొత్తవలస-కిరండూల్ లైన్లో దిగాలి. వానాకాలంలో అనంతగిరి ఘాట్‌లో కొండచరియ విరిగిపడితే ఆ లెక్క తప్పుతుంది. ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కి బొలాని, కిరిబురు గనులున్నాయి, టాటాకి నోవాముండి ఉంది. మనకేమో జగ్గయ్యపేట సున్నపురాయి, మాధారం డోలమైట్, గర్భాం మాంగనీసు. అసలు సరుకైన ఇనుప ఖనిజం మాత్రం బైలదిల్లా గనులున్న ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ చెప్పిన రేటుకి కొనాల్సిందే. ఎక్కడో కాదు, అదే బైలదిల్లా నుంచి ఒక ప్రైవేటు కంపెనీ స్లర్రీ గొట్టం (ఖనిజం పొడిని నీళ్లలో కలిపి పంపేది) 267 కిలోమీటర్లు వచ్చి మన విశాఖలోనే దిగుతోంది.

జమాఖర్చు
కేకే_లైన్ గారూ, గనుల వాదన సగం నిజం. 2021-22లో కూడా సొంత గని లేదు, అయినా 913 కోట్ల లాభం వచ్చింది. ఆ ఏడాది ఉక్కు ధర బాగుంది. అసలు దెబ్బ 63 లక్షల టన్నులకి, ఆపైన 73 లక్షలకి విస్తరించడానికి బ్యాంకుల్లో తెచ్చిన అప్పు.

ఇప్పుడు గని ఇచ్చినా అది చవక కాదు. 2021లో గనుల చట్టం మారింది. దాని 17ఏ సెక్షన్ కింద ప్రభుత్వ కంపెనీకి గని కేటాయిస్తే, ఇనుప ఖనిజానికి 15 శాతం రాయల్టీ మీద ఇంకో ఒకటిన్నర రెట్లు రాష్ట్రానికి కట్టాలి. రెండూ కలిపి సగటు అమ్మకం ధరలో 37.5 శాతం. ఆపైన అటవీ అనుమతి, గ్రామసభ, కొత్త సైడింగ్. ఒడిశాలో గనుల కంపెనీ ఓఎండీసీ సంగతే చూడండి. 2011 నుంచి అది ఆర్‌ఐఎన్‌ఎల్ గొడుగు కిందే ఉంది, బర్బిల్ దగ్గర లీజులున్నాయి, కానీ విశాఖకి ఒరిగిందేమీ లేదు. తెలంగాణలోని బయ్యారం ఇనుప ఖనిజాన్ని 2013లో విశాఖకి కేటాయించారు, అక్కడ గొడవైంది, పైగా ఖనిజం నాసిరకం. గని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోగా ఫర్నేసు (ఖనిజం కరిగించే కొలిమి) చల్లారుతుంది.

బ్యాటరీ_4
మీరిద్దరూ ఖనిజం దగ్గరే ఆగిపోయారు. 2024లో ప్లాంటుని పడగొట్టింది బొగ్గు.

పూర్తి ఉత్పత్తికి రోజుకి సుమారు 15 వేల టన్నుల కోకింగ్ కోల్ (ఫర్నేసుకి కావలసిన కోక్ తయారయ్యే బొగ్గు) కావాలి. 75 వేల టన్నుల ఓడ అయిదు రోజులకి సరి. యార్డులో కనీసం పదిహేను రోజుల నిల్వ లేకపోతే బొగ్గు రకాల మిశ్రమం (బ్లెండ్) చేతిలో ఉండదు. ఏది దొరికితే అది వేస్తారు. కోక్ గట్టిదనం, అదే ఎం40, పడిపోతుంది. చిట్లిన కోక్ ఫర్నేసులో గాలి దారిని మూసేస్తుంది. లోపలికి ఊదే గాలి (బ్లాస్ట్) తగ్గించాలి, టన్ను ఇనుముకి పట్టే కోక్ పెరుగుతుంది, టన్ను ఖర్చు పెరుగుతుంది. 2024 ఏప్రిల్-మే నెలల్లో గంగవరం పోర్టు కార్మికుల సమ్మెతో కన్వేయర్ ఆగింది. పోర్టులో బొగ్గు ఉండీ ప్లాంటులోకి రాలేదు. బ్యాంకు ఎల్‌సీ (సరుకు సొమ్ముకి హామీపత్రం) తెరవకపోయినా ఇదే జరుగుతుంది, ఓడ బయట లంగరేసుకుని డెమరేజీ (ఆలస్యపు రుసుము) లెక్కపెడుతుంది.

బొగ్గు లేదని కోక్ ఓవెన్‌ని స్విచ్ కట్టేసినట్టు కట్టెయ్యలేం. గోడలు సిలికా ఇటుక. చల్లారితే ఆ ఇటుక కుంచించుకుని పగుళ్లిస్తుంది, మళ్లీ వేడి చేసినా అతుక్కోదు. అందుకని పుషింగులు (ఓవెన్ నుంచి కోక్‌ని బయటికి నెట్టడం) తగ్గించి, కోకింగ్ సమయం సాగదీసి, వేడి మాత్రం నిలుపుకుంటూ వస్తారు. 67 ఓవెన్ల వరసలో (బ్యాటరీ) 18 గంటల సైకిల్‌కి రోజుకి 89 పుషింగులు పడాలి. 30 గంటలకి సాగదీస్తే 54 దాటవు. మనుషులు, కరెంటు, మరమ్మతుల ఖర్చు అంతే ఉంటుంది, కోక్ మాత్రం అరవై శాతమే వస్తుంది.

బ్లాస్ట్ ఫర్నేసు ఆగితే దాన్నుంచి వచ్చే బీఎఫ్ గ్యాస్ కూడా ఆగుతుంది. థర్మల్ ప్లాంటు బాయిలర్లకి, మిల్లుల రీహీటింగ్ ఫర్నేసులకి ఇంధనం ఆ గ్యాసే. అది లేక బయటి కరెంటు కొంటారు. అందుకే మూడింటిలో ఒక ఫర్నేసు ఆపితే ఖర్చు మూడో వంతు తగ్గదు, నష్టం పెరుగుతుంది. ప్యాకేజీలో 2025 ఆగస్టుకి మూడూ నడవాలని పెట్టిన లక్ష్యం సరైనదే. దాన్ని నిలబెట్టే బొగ్గు డబ్బు విడిగా తీసి పెట్టారా అన్నదే నా ప్రశ్న.

ఉక్కునగరం_2
బ్యాటరీ_4 అన్నా, అయితే సెయిల్‌లో కలిపేస్తే? బొగ్గు వాళ్లతో కలిసి కొనొచ్చు, ఖనిజం వాళ్ల గనుల్నుంచి వస్తుంది.

జమాఖర్చు
బొగ్గు కొనుగోలులో లాభమే, ఒప్పుకుంటాను. ఖనిజంలో అంత ఉండదు. సెయిల్ గనులున్న కెందుఝర్ (ఒడిశా), సింగ్‌భూమ్ (జార్ఖండ్) నుంచి విశాఖకి రైలు కిరాయి కలిపితే గని దగ్గరి ఆదా చాలావరకు దారిలోనే పోతుంది. విలీనం వల్ల అసలు లాభం వేరే. సెయిల్ బ్యాలెన్స్ షీటు చూసి బ్యాంకులు ఎల్‌సీ ఇస్తాయి. 2023లో వర్కింగ్ క్యాపిటల్ కోసం ఆర్‌ఐఎన్‌ఎల్ డబ్బు పెట్టడానికి ఆసక్తి ఉన్నవాళ్లని పిలిస్తే సింగరేణి అధికారులు కూడా వచ్చి చూశారు. పక్క రాష్ట్రం సంస్థ దగ్గర చెయ్యి చాచేదాకా వచ్చిందంటే జబ్బు ఎక్కడుందో తెలియడం లేదా?

కేకే_లైన్
దిగుమతి ఉక్కు మీద వేసే రక్షణ సుంకం సంగతి కూడా మాట్లాడాలి. 2025 ఏప్రిల్‌లో 12 శాతం వేశారు, విశాఖకి ఊరట అని చాలామంది రాసేశారు. ఆ సుంకం ఫ్లాట్ ఉత్పత్తుల (రేకులు, కాయిళ్లు) మీద. మనం చేసేది కడ్డీలు, వైర్ రాడ్, స్ట్రక్చరల్స్. హాట్ రోల్డ్ కాయిల్ మిల్లు మనకి లేనే లేదు. కాయిళ్లు చేసే ఛత్తీస్‌గఢ్ నగర్నార్ ప్లాంటుకి పనికొచ్చే సుంకం అది.

జమాఖర్చు గారూ, గనికి ఏళ్లు పడుతుందన్నారు, సరే. ఎన్‌ఎండీసీ ఉన్నది అదే ఉక్కు మంత్రిత్వ శాఖ కింద. కొత్త చట్టం, కొత్త అనుమతి ఏవీ అక్కర్లేదు. పదేళ్ల సరఫరా ఒప్పందం, ఉక్కు ధరకి ముడిపెట్టిన ఖనిజం రేటు, 60 రోజుల అరువు. ఒక్క సంతకంతో అయ్యే పని ఇది. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటుకి ఆ సంతకం కూడా పెట్టించలేకపోతే మన ఎంపీలు ఢిల్లీలో ఉండి ఏం ప్రయోజనం?

జమాఖర్చు
ఆ ఒప్పందానికి నేనూ చెయ్యెత్తుతాను. దాని పక్కనే ఇంకొకటి అడగాలి. 10,300 కోట్లు ఎక్కువ భాగం పాత బ్యాంకు వాయిదాలకి, చట్టబద్ధ బకాయిలకి పోతే యార్డులో బొగ్గు పెరగదు. బొగ్గు, ఖనిజం కొనుగోలుకి విడిగా ఎస్క్రో ఖాతా (ఆ పనికే వాడాల్సిన ఖాతా) ఉండాలి, అందులోంచి బ్యాంకులు వాయిదా కోసుకోకూడదు.

ఇంకొక సంగతి. 2021 నాటి అమ్మకం నిర్ణయాన్ని మంత్రివర్గం కాగితం మీద రద్దు చెయ్యాలి. కేంద్ర ఉక్కు మంత్రి అమ్మబోమని నోటితో చెబితే చాలదు. రేపు ఎవరి చేతికి పోతుందో తెలియని కంపెనీకి ఏ బ్యాంకూ దీర్ఘకాలిక అప్పు తిరగరాయదు. రాసినా వడ్డీలో ఆ అనుమానాన్ని కలుపుకుంటుంది.

బ్యాటరీ_4
ఎస్క్రోకి ఒక కొలత కూడా పెట్టమనండి: యార్డులో పదిహేను రోజుల బొగ్గు, పది రోజుల ఖనిజం. నిల్వ అంతకన్నా తగ్గిన రోజు మంత్రిత్వ శాఖకి నివేదిక వెళ్లాలి. ఎంపీలకిచ్చే వినతిపత్రంలో ఈ రెండంకెలు ఉంటే వాళ్లు సభలో అడగడానికి వీలుంటుంది.