సదస్సు కమిటీకి ఏడుగురా, 34 మందా?

చంపావతి:
మన పశువైద్యుల సంఘం రెండు రోజుల సదస్సు ఈసారి విజయనగరంలో. వచ్చేది 400 మంది అనుకుంటున్నాం. ఆర్గనైజింగ్ కమిటీకి ప్రతిపాదనలు రెండున్నాయి: ఉమ్మడి విజయనగరం జిల్లా మండలానికొకరు చొప్పున 34 మంది, లేదా ఏడుగురు. ఏది మేలో కారణంతో సహా చెప్పండి.

నాగావళి:
ఏడుగురు చాలు. కన్వీనర్, కోశాధికారి, హాలు-మైకు, భోజనాలు, రిజిస్ట్రేషన్, సైంటిఫిక్ సెషన్లు, బస. పనికొకరే జవాబుదారీ. సాయానికి ఎవరికి వారు నలుగురైదుగురు వాలంటీర్లను తీసుకుంటారు. 34 మంది గ్రూపులో అందరూ "సరే సార్" అని పెడతారు గానీ, హాలుకి అడ్వాన్సు ఎవరు కట్టాలో తేలదు.

రిజిస్ట్రేషనే చూడండి. పేరు వెతికి, సంతకం పెట్టించి, బ్యాగు చేతికివ్వడానికి మనిషికి నిమిషం. ఒక్క బల్లయితే 400 నిమిషాలు, ఆరు బల్లలైతే గంటా పది నిమిషాల లోపు. అదీ జాబితా సరిగ్గా ఉంటేనే. మన దగ్గర అక్షరక్రమం పనికిరాదు. ఒకరు ఇంటిపేరుతో రాస్తారు, ఇంకొకరు పొడి అక్షరాలతో, మరొకరు ఉత్త పేరుతో. సూర్యనారాయణలు, అప్పలనాయుళ్లు, పైడిరాజులు ఎంతమందో! వాళ్ల కోసం పేజీలు తిప్పుతుంటే వెనకాల వరస గేటు దాకా పోతుంది. రిజిస్ట్రేషన్ నంబరు వరసన జాబితా వేసి, 1–67, 68–134 అని బల్లల ముందు పెద్ద అంకెల్లో అంటించాలి. ఎవరి నంబరు వాళ్లకి ముందురోజే ఫోనుకి పంపాలి. ఇదంతా ఒక్క మనిషి కూర్చుని ఆలోచించే పని, ఓట్లు వేసి తేల్చేది కాదు.

బొబ్బిలి_కోట:
ఏడుగురికే నా ఓటు.

మన్యం_పాడి:
ఆ ఏడుగురూ విజయనగరం టౌనువాళ్లే అవుతారు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు సంగతి వాళ్లకి ఏటి తెలుస్తాది? అక్కడ డాక్టరు ఆసుపత్రి తాళమేసి రాలేడు. పక్క మండలం డాక్టరు ఇన్‌ఛార్జి తీసుకుంటేనే కదలగలడు. అంటే ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరు మొదటి రోజు, ఇంకొకరు రెండో రోజు వచ్చేలా కుదర్చాలి. అందుకు తగ్గట్టు ముఖ్యమైన ఉపన్యాసాలు రెండు రోజులకీ పంచాలి. పర్మిషన్ కాగితాలు చివరి వారం దాకా ఆపితే కుదరదు. పశువులకి గాలికుంటు వ్యాధి టీకాల రౌండు మధ్యలో తేదీ పడితే సగం కుర్చీలు ఖాళీయే. ఇవన్నీ చెప్పాల్సింది మండలంలో ఉన్న మనిషే.

రాజాం_వాసి:
34 అన్నది పాత లెక్కండీ. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లాలోనే ఉన్నాయి. మరి మేం ఎక్కడ?

నాగావళి:
చూశారా, పని మొదలవకముందే మండలాల లెక్క దగ్గర ఆగిపోయాం.

రాజాం_వాసి:
అది చిన్న విషయం కాదు సార్. చందా కట్టించుకున్నప్పుడు మా మండలాలు మీ జాబితాలో ఉన్నాయి.

జీడితోట:
శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. కమిటీ ఎంతమందైనా పెట్టుకోండి, డబ్బు పోయేది భోజనాల దగ్గరే. 400 రిజిస్ట్రేషన్లంటే పూటకి 400 ప్లేట్లు కాదు. మొదటి రోజు టిఫినుకి 300 దాటదు. మధ్యాహ్నానికి డ్రైవర్లు, స్టాళ్లవాళ్లు, వాలంటీర్లతో కలిపి 450 అవుతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి రైళ్లకి వెళ్లిపోయేవాళ్లు పోగా మళ్లీ 300. కేటరర్‌కి పూటపూటకీ వేరే అంకె రాసివ్వాలి. కూపన్లన్నీ మొదటి రోజే బ్యాగులో పెడితే, తినకుండా వెళ్లినవాళ్ల కూపన్లు ఇంకొకరి చేతుల్లోకి పోతాయి. పూటకో రంగు పెట్టి, ఏ రోజువి ఆ రోజు పొద్దున్నే ఇవ్వండి. వడ్డన మొదలయ్యే ముందు శుభ్రమైన ప్లేట్లని మీ మనిషి, కేటరర్ మనిషి కలిసి లెక్కపెట్టాలి, అయ్యాక మిగిలినవి మళ్లీ లెక్కపెట్టాలి. తేడా మీదే బిల్లు.

గోస్తనీ:
తేదీ అక్టోబరులో మాత్రం వద్దు. దసరా తరవాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, ఊళ్లో గది దొరకదు. తుఫాన్ల నెల కూడా: హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. డిసెంబరు 16 దాటితే ధనుర్మాసం, పెళ్లిళ్లుండవు, కల్యాణ మండపాల అద్దె బేరమాడొచ్చు.

నాగావళి:
మన్యం_పాడి గారూ, మండలాల మాట వినడానికి సలహా సంఘం వేద్దాం. నిర్ణయం మాత్రం ఏడుగురిదే.

మన్యం_పాడి:
సలహా సంఘమంటే బ్రోచర్ చివరి పేజీలో చిన్నక్షరాల్లో పేరు. బ్యాగులు మోయడానికి మా కుర్రాళ్లు కావాలి, వేదిక మీద మాత్రం మీరే.

నాగావళి:
వేదిక కోసమైతే ఆ మాటే సూటిగా అనండి, టీకాల రౌండు ఎందుకు అడ్డం పెట్టడం?

మన్యం_పాడి:
సూటిగానే అంటున్నాను. పోయిన సదస్సు జమాఖర్చు ఇంతవరకూ సర్వసభ్య సమావేశం ముందుకి రాలేదు. స్టాళ్ల మీద ఎంతొచ్చింది, ఎంత మిగిలింది? మూడుసార్లు అడిగినా జవాబు లేదు. మళ్లీ ఆ నలుగురి చేతుల్లోనే పెడతామంటే ఒప్పుకోం. 34 మందిని అడుగుతున్నది అందుకే.

గోస్తనీ:
అసలు మాట ఇప్పుడొచ్చింది.

నాగావళి:
లెక్క రాలేదన్నది నిజం, అది తప్పే. కానీ 34 మంది ఉన్నా చెక్కు మీద సంతకాలు ఇద్దరివే. కాపలా అక్కడ పెట్టాలి. సదస్సుకి వేరే ఖాతా తెరుద్దాం. ముగ్గురికి సంతకం అధికారం, ఏ ఇద్దరు పెట్టినా చెల్లాలి. స్టాళ్ల డబ్బు నేరుగా ఖాతాలోకే, నగదు వద్దు. హాలు, పందిరి, భోజనాలు ఏదైనా సంఘం పేరు మీదే బిల్లు. మనది రిజిస్టర్డ్ సొసైటీ కాబట్టి కేటరింగ్ లాంటి కాంట్రాక్టు బిల్లు 30,000 దాటితే టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) పట్టాలి, వ్యక్తులకి 1 శాతం, సంస్థలకి 2 శాతం. అది కట్టడానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే టాన్ నంబరు ఉండాలి. సదస్సయిన 30 రోజుల్లో ఓచర్లతో సహా లెక్క పెట్టాలని ఇప్పుడే తీర్మానం రాద్దాం.

మన్యం_పాడి:
ఆ మూడో సంతకం పార్వతీపురం వైపు మనిషిదై ఉండాలి. పాత లెక్క ముందు బల్ల మీదకి రావాలి. అప్పుడు ఏడుగురైనా నాకు అభ్యంతరం లేదు.

నాగావళి:
మూడో సంతకానికి సరే. పాత లెక్క నా ఒక్కడి చేతిలో లేదు. అప్పటి కోశాధికారి తేవాలి.

చంపావతి:
ఆయనకి ఇవాళే ఉత్తరం పంపుతున్నాను. ఆదివారం సమావేశంలో మొదటి అంశం పాత జమాఖర్చు, రెండోది ఖాతా, కమిటీ ఆ తరవాతే. ఓచర్లు ఎవరి దగ్గరున్నా తీసుకురండి.

రాజాం_వాసి:
మా నాలుగు మండలాల సంగతి ఎన్నో అంశం?