టైమ్-వెయిట్‌తో పోర్టులన్నీ అయిపోతున్నయ్, కీప్-అలైవ్ ఎంత పెట్టాలె?

నమస్తే అన్నా. వరంగల్‌ల మిర్చి వ్యాపారుల బిల్లింగ్ నడిచే ఉబుంటు సర్వర్ ఇది. ముందు ఎన్జిన్‌ఎక్స్ (రిక్వెస్టులు అందుకొని యాప్‌కు పంపే వెబ్ సర్వర్), వెనక అదే మెషీన్‌ల 3000 పోర్టు మీద నోడ్ యాప్. ఎనుమాముల మార్కెట్‌ల కాంటాలు మొదలైనంక లాగ్‌ల 'కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్' (ఖాళీ పోర్టు దొరకలే అని) వస్తున్నది, గుమాస్తాలకు 502 ఎర్రర్ కనబడుతున్నది. సీపీయూ, ర్యామ్ ఖాళీనే.

కనెక్షన్లను చూపే ఎస్ఎస్ కమాండ్‌తో చూస్తే టైమ్-వెయిట్‌లు (మూసినంక కూడ కొంతసేపు పోర్టును పట్టుకునే కనెక్షన్లు) 28 వేలు. కొత్త కనెక్షన్లకు వాడే పోర్టు రేంజ్ డిఫాల్టే, 32768 నుంచి 60999, అంటే 28,232. ఒక్కో పోర్టు 60 సెకన్లు ఇరుక్కుంటది కాబట్టి, ఒకే అడ్రస్‌కు సెకనుకు 470 కొత్త కనెక్షన్లు దాటితే ఖతం. క్లోజ్-వెయిట్ (అవతలి వైపు మూసినా యాప్ మూయని కనెక్షన్లు) సున్నా, యాప్‌ల సాకెట్ లీక్ లేదు.

ఫిన్-టైమౌట్ తగ్గించమని చెప్పకండి, అది ఫిన్-వెయిట్-2 అనే వేరే దశకే పనిచేస్తది. టైమ్-వెయిట్‌లను తొందరగా వదిలించే టీడబ్ల్యూ-రీసైకిల్ సెట్టింగ్‌ను 4.12 కెర్నల్‌లనే తీసేసిన్రు. రేంజ్ పెంచితే కొంత ఊపిరి ఆడుతది, అంతే.

అప్‌స్ట్రీమ్‌ల (ఎన్జిన్‌ఎక్స్‌ల వెనక యాప్ గురించిన సెట్టింగ్) కీప్-అలైవ్ (మళ్ల వాడేతందుకు మూయకుండ ఉంచే ఖాళీ కనెక్షన్లు) 32, హెచ్‌టీటీపీ 1.1, కనెక్షన్ హెడర్ ఖాళీ, మూడూ ఉన్నయ్. ఎన్జిన్‌ఎక్స్ వర్కర్లు (ప్రాసెస్‌లు) 4. టైమ్-వెయిట్ లైన్లల లోకల్ వైపు 3000 లేదు, పెద్ద నంబర్లే ఉన్నయ్, అంటే ముందుగాల మూసేది ఎన్జిన్‌ఎక్సే. ఒక్కో వర్కర్‌కు 32 దాటిన ఖాళీ కనెక్షన్లను మూసేస్తున్నదని నా అనుమానం.

కీప్-అలైవ్ 128 చేస్తే సాలుతదా? లేక యునిక్స్ సాకెట్‌కు (పోర్టు లేకుండ ఫైల్ ద్వారా కలిసేది) మారాల్నా? అప్పుడు పోర్టుల లొల్లే ఉండదు గని, రద్దీల బ్యాక్‌లాగ్ (యాప్ తీసుకునే దాకా ఆగే కనెక్షన్ల వరుస) నిండుతదని భయం. ఇట్లాంటి లోడ్ మీద నడిపినోళ్లు బ్యాక్‌లాగ్, సోమాక్స్‌కాన్ (ఆ వరుసకు కెర్నల్ పెట్టే హద్దు) ఎంత పెట్టిన్రో జర చెప్పండి.