రీకాల్ మెసేజ్ వచ్చింది, కారు సెల్లార్‌లో పెట్టవచ్చా?

ప్రశ్న (నిజాంపేట నుంచి)

అందరికీ నమస్కారం. నిరుడు ఒక పెట్రోలు కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అయిదేళ్ల పాతది. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ నా పేరు మీదికి మారాయి. మొన్న పాత యజమాని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపారు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) మాడ్యూల్‌లో షార్ట్ సర్క్యూట్ జరిగి అరుదుగా మంటలు రావచ్చని, అందుకే రీకాల్, అంటే లోపమున్న కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేస్తామని కంపెనీ పేరుతో ఉంది. కింద ఒక లింకు. "ఇప్పుడు కారు మీది కదండీ, చూసుకోండి" అని ఆయన చేతులు దులుపుకున్నారు.

సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే విడిభాగం స్టాక్ లేదు, రెండు వారాలు ఆగమన్నారు. మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో నా పార్కింగ్ సరిగ్గా లిఫ్టు పక్కన, కరెంటు మీటర్ల ఎదురుగా ఉంటుంది. మా ఆవిడ కారు బయట పెట్టమంటోంది. మామగారేమో ఇలాంటివి వస్తూనే ఉంటాయి, పట్టించుకోవద్దంటున్నారు. ఈలోగా రోజూ గచ్చిబౌలి ఆఫీసుకు నడపవచ్చా? రెండో యజమానిని కాబట్టి డబ్బులు అడుగుతారా?

జవాబు (మూసాపేటలో వర్క్‌షాప్ నడిపే సభ్యుడు)

ముందు ఆ లింకు జోలికి వెళ్లకండి. మెసేజ్ నిజమో కాదో తేల్చేది మీ ఛాసిస్ నంబరు. ఆర్‌సీలో, ఇన్సూరెన్స్ పాలసీలో ఉంటుంది. చాలా కార్లలో ముందు అద్దం కింది మూలన కూడా కనిపిస్తుంది. అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిపి మొత్తం 17. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీత ఒకటి. కంపెనీ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి, రీకాల్ పేజీలో ఆ నంబరు కొట్టండి. మీ కారు జాబితాలో ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

రీకాల్ కారును పట్టి ఉంటుంది, యజమానిని కాదు. చేతులు ఎన్ని మారినా పని ఉచితమే. అయితే కంపెనీ రికార్డులో ఇంకా పాతాయన ఫోన్ నంబరే ఉంది. ఆయన మంచివారు కాబట్టి మీకు పంపారు, లేకపోతే ఈ సంగతి మీకు తెలిసేదే కాదు. సర్వీస్ సెంటర్‌లో ముందు మీ నంబరు, చిరునామా నమోదు చేయించండి.

ఇక అసలు విషయం. ఆపి ఉంచిన కారు ఎందుకు అంటుకుంటుందని మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది అడుగుతారు. తాళం చెవి తీసేసినా కొన్ని తీగల్లో కరెంటు ఆగదు. ఏబీఎస్ యూనిట్ అలాంటిదే. బానెట్ ఎత్తితే బ్రేకు పైపులన్నీ వెళ్లి చేరే అల్యూమినియం దిమ్మ ఒకటి కనిపిస్తుంది, అదే. దానికి ఒక పక్క పంపు మోటారు, ఇంకో పక్క సర్క్యూట్ బోర్డు, మధ్యలో సన్నని దారుల గుండా బ్రేక్ ఆయిల్ తిరుగుతుంది. లోపలి సీలు పాడైతే ఆయిల్ బోర్డు మీదికి చేరుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ పట్టిన ఆయిల్ బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. యూనిట్‌కు కరెంటు బ్యాటరీ నుంచి పెద్ద ఫ్యూజు ద్వారా వస్తుంది. ఫ్యూజు కొట్టేయకుండా కరెంటు అలాగే పారుతూ ఉంటే దిమ్మ వేడెక్కుతుంది.

2023 సెప్టెంబరులో అమెరికాలో హ్యుందాయ్, కియా కలిపి దాదాపు 33.7 లక్షల వాహనాలను ఇలాంటి కారణంతోనే వెనక్కి పిలిచాయి. మరమ్మతు అయ్యేవరకు ఇళ్లకు, కట్టడాలకు దూరంగా ఆరుబయట పెట్టమని యజమానులకు చెప్పాయి. అది అక్కడి రీకాల్, మీ కారుకు దానితో సంబంధం ఉందని నేను అనడం లేదు. ఇంజను ఆపి ఉన్నా ప్రమాదం ఉంటుందని చెప్పడానికే ఉదాహరించాను. అక్కడ చేసిన మరమ్మతు ఫ్యూజు మార్చడమే. మీకూ అంతే చేస్తే "ఇంతేనా" అని గొడవపడకండి. షార్ట్ అయినప్పుడు కరెంటు ఆగిపోవడమే కావలసింది.

కాబట్టి మీ మామగారి మాట పక్కన పెట్టండి. మీ ఇంట్లో ఆవిడ చెప్పిందే సరైనది.

ఆఫీసుకు నడపడం గురించి: నోటీసులో "నడపవద్దు" అని ఉంటే నడపకండి, టోయింగ్ బండి పంపమని అడగండి. అలా లేకపోతే నడపవచ్చు. కానీ ఏబీఎస్ లైటు వెలిగినా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా ఆ క్షణమే పక్కకు ఆపి దిగిపోండి. పొగ వస్తుంటే బానెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి మంట ఎగుస్తుంది. దూరం జరిగి 101కు ఫోన్ చేయండి.

జవాబు (మియాపూర్, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి)

మేస్త్రి గారు చెప్పిన దానికి కొంచెం కలుపుతాను, ఎందుకంటే సెల్లార్ తలనొప్పి నాకు రోజూ ఉన్నదే. కారు మీది, పొగ మాత్రం అందరిదీ. సెల్లార్‌లో పుట్టిన పొగ మెట్ల దారిలో, లిఫ్టు గుంతలో పైకి ఎక్కుతుంది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ హోటల్లో జరిగింది గుర్తుండే ఉంటుంది. కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంటలు మొదలైతే, పొగ పైనున్న లాడ్జీని ముంచెత్తింది. 8 మంది చనిపోయారు. లిఫ్టు పక్కన, మీటర్ల ఎదుట ఇలాంటి కారు పెట్టే చోటే కాదు.

బయట పెట్టేటప్పుడు కూడా చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ కింద వద్దు, ఎండుటాకుల మీద వద్దు, గ్యాస్ సిలిండర్లు ఉంచే జాలీ గదికి ఆనించి వద్దు. గేటు లోపల విజిటర్స్ పార్కింగ్ ఖాళీగా ఉంటే సంఘాన్ని అడిగి తీసుకోండి. రాతపూర్వకంగా చెబితే ఎవరూ కాదనరు, పైగా రేపు మాట రాదు. వాచ్‌మన్‌కు కూడా చెప్పి ఉంచండి. సెల్లార్‌లోని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో ఈ వంకతో ఒకసారి చూడండి. మా బ్లాకులో అది ఎర్రలోకి దిగి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు!

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కంపెనీ సైట్‌లో నంబరు కొట్టి చూశాను, మా కారు జాబితాలో ఉంది. గేటు దగ్గర చోటు దొరికింది. రాత్రిళ్లు బ్యాటరీ తీగ విప్పేస్తే మంచిదేనా?

జవాబు (మూసాపేట)

మీ కారు విషయంలో ఉపయోగమే, కరెంటు వల్ల వచ్చే ప్రమాదం కాబట్టి. 10 నంబరు స్పానర్ చాలు. ముందుగా నెగటివ్, అంటే మైనస్ గుర్తు ఉన్న తీగ విప్పండి, తిరిగి బ్యాటరీకి తగలకుండా పక్కకు ఒదిగించండి. తాళం చెవి లోపల వదిలేయకండి, రిమోట్ పనిచేయదు. కొన్ని కార్లలో కిటికీ అద్దాలకు మళ్లీ సెట్టింగ్ చేయాల్సి వస్తుంది, అందుకని ఒకసారి సర్వీస్ సెంటర్‌ను అడిగి చేయండి. ఇంధనం కారే రీకాల్ అయితే ఈ ఉపాయం సరిపోదు. 2010లో మారుతి ఏ-స్టార్‌ను లక్ష దాకా వెనక్కి పిలిచింది పెట్రోలు పంపు గాస్కెట్ గురించి. అలాంటి చోట తీగ విప్పినా పెట్రోలు కారడం ఆగదు.

జవాబు (న్యాయవాద వృత్తిలో ఉన్న సభ్యురాలు)

రెండు వారాలన్నది నాలుగైతే ఫోన్లతో కాలం గడపకండి, ఈమెయిల్ పెట్టండి. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో రీకాల్‌కు చట్టబద్ధమైన నిబంధనలు ఉన్నాయి. తయారై ఏడేళ్లు దాటని వాహనాలకు వర్తిస్తాయి, ప్రభుత్వం ఆదేశిస్తే కంపెనీ వినాల్సిందే. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు. లోపం గురించి యజమానులు కేంద్ర రవాణా శాఖ వారి వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇన్సూరెన్స్ కూడా ఒకసారి చూసుకోండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే కారు కాలినా మీకు పైసా రాదు. సమగ్ర పాలసీలో మంటలు, తనంతట తాను అంటుకోవడం కూడా చేరి ఉంటాయి.

ప్రశ్న వేసినవారు

స్టాక్ వచ్చిందని ఇప్పుడే ఫోన్ వచ్చింది. ఎలాగూ వస్తున్నారు కదా, ఏసీ క్లీనింగ్, వీల్ అలైన్‌మెంట్ కూడా రాయమంటారా అని అడిగారు. రాయించాలా?

జవాబు (మూసాపేట)

వద్దని చెప్పండి. జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్‌లో చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద రీకాల్ పని ఒక్కటే రాయించండి, బిల్లు సున్నా ఉండాలి. అదనంగా ఫాగ్ లైట్లు, పెద్ద హారన్ లాంటివి బయట బిగించి ఉంటే తీగలను ఎక్కడ కోసి కలిపారో చూడమనండి, పాత కార్లలో అక్కడే ఇన్సులేషన్ టేపు ఊడి ఉంటుంది. కారు తెచ్చుకున్నాక నాలుగు రోజులాగి సైట్‌లో మళ్లీ ఛాసిస్ నంబరు కొట్టండి. ఇంకా పెండింగ్ అని చూపిస్తే వాళ్లు పని కంప్యూటర్‌లో ఎక్కించలేదన్నమాట. జాబ్ కార్డు ఫొటో తీసి కంపెనీకి మెయిల్ చేయండి, కారు మళ్లీ అమ్మేటప్పుడు కొనేవారు అదే చూస్తారు.