మహమ్మారి వేళ పరిశోధన పేపర్లకు తాళం ఉండొచ్చా?

అలిపిరి_లైబ్రరీ: 2020 జనవరి 31న ప్రచురణ సంస్థలు, నిధులిచ్చే సంస్థలు కలిసి కోవిడ్ పేపర్లు ఉచితంగా ఇస్తామని మాటిచ్చాయి. ఇచ్చాయి కూడా. అప్పట్లో పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టిన, ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ పేపరు ఏదైనా తెరిచి, ముందు అతికించిన పేజీ చదవండి. ‘కోవిడ్ వనరుల కేంద్రం నడిచినంత కాలం’ అనే ఉంటుంది. ఇల్లు బాడుగకిచ్చినట్టు. కరోనా వైరస్‌ల మీద అంతకుముందే వచ్చిన పేపర్లలో చాలావాటికి 2020 దాకా డబ్బు కట్టాల్సిందే. జబ్బు రాకముందు చదవాల్సినవి అవి! తెరిస్తే శాశ్వతంగా తెరవాలి.

పలమనేరు_ఫిజీషియన్: ఏం తెరుస్తున్నారో కూడా చూడాల సార్. ప్రిప్రింట్ అంటే పత్రిక తరఫున నిపుణులు సరిచూడకముందే నెట్‌లో పెట్టే రాత. కోవిడ్‌కు ఐవర్‌మెక్టిన్ మందు మీద ఈజిప్టు వాళ్ల ప్రిప్రింట్ 2020 నవంబరులో ఎక్కింది, 2021 జులైలో తీసేశారు. ఈలోగా మన రెండో వేవ్ వచ్చి పోయింది.

భవానీనగర్: సరిచూడలేదని పైనే పట్టీ వేస్తారు కదా.

పలమనేరు_ఫిజీషియన్: వాట్సాప్‌లో తిరిగే ముక్కకు పట్టీ ఉండదమ్మా.

అలిపిరి_లైబ్రరీ: సరిచూసినవి నిలిచాయా మరి? హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద లాన్సెట్ అనే వైద్య పత్రికలో పేపరు 2020 మే 22న వచ్చింది, జూన్ 4న రద్దయింది. అది ప్రిప్రింట్ కాదే.

పలమనేరు_ఫిజీషియన్: రెండు వారాల్లో దొరికింది. ప్రిప్రింట్‌కు ఎనిమిది నెలలు పట్టింది. నేను చెప్పేదీ అదే.

కుప్పం_డేటా: ఇద్దరూ అక్కడక్కడే తిరుగుతా ఉండారు. లాన్సెట్ పేపరును పట్టించింది పత్రిక సరిచూపు కాదు, అచ్చయ్యాక బయటివాళ్లు వేసిన లెక్క. ఆస్ట్రేలియాలో ఏప్రిల్ 21 నాటికి అయిదు ఆసుపత్రుల్లోనే 73 మరణాలని రాశారు. దేశం మొత్తం కలిపినా అప్పటికి 67. మూల డేటా అడిగితే, ఆ లెక్కలు సమకూర్చిన సర్జిస్ఫియర్ కంపెనీ ఇవ్వలేదు. ఐవర్‌మెక్టిన్ కూడా అంతే, డేటా ఫైలు తెరిచి చూసినాకే ఒకే రోగుల వరసలు మళ్లీ మళ్లీ బయటపడినాయి.

పీడీఎఫ్ దొరికితే చాలనుకోవద్దు. చివర డేటా ఎక్కడుందో చెప్పే వాక్యం చూడండి. ‘అడిగితే ఇస్తాం’ అని ఉంటే దొరకదనే అనుకోండి. తర్వాత లైసెన్సు, అంటే పేపరును ఎలా వాడుకోవచ్చో చెప్పే అనుమతి. సీసీ-బై అని ఉంటే పేరు చెప్పి తెలుగులో రాసి పంచొచ్చు. ఎన్‌డీ (మార్చి పంచొద్దు) అని కూడా ఉంటే అనువాదం పంచకూడదు.

పలమనేరు_ఫిజీషియన్: పీహెచ్‌సీ డాక్టరు కూర్చోని ఎక్సెల్ వరసలు లెక్కబెట్టాలా? డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సంగతి చూడండి. రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజుల దాకా. ఆక్సిజన్ మీదున్న వాళ్లకే. ‘స్టెరాయిడ్ బతికిస్తుంది’ అన్న వార్త పట్టుకుని జ్వరం మొదలైన రోజే వేశారు. షుగర్లు పెరిగినాయి, బ్లాక్ ఫంగస్‌కు దారైంది.

అలిపిరి_లైబ్రరీ: ఆ హెచ్చరిక ఆ మందు మీద 2020 జూన్ 22న వచ్చిన ప్రిప్రింట్ సారాంశంలోనే ఉంది! ఆక్సిజన్ అక్కర్లేని వాళ్లలో మందు వేస్తే మరణాలు 17.0 శాతం, వేయకపోతే 13.2. తేడా గణాంకంగా తేలలేదు, మేలు మాత్రం లేదు. జులై 17న పత్రికలో అచ్చయినప్పుడు 17.8, 14.0 అయింది. చెప్పిన మాట మారలేదు. చదవకపోవడం వల్ల జరిగిన తప్పును తెరవడం మీదికి నెట్టకండి. చిన్న ఊరి డాక్టరుకు చదివే అర్హత లేదన్నదేగా మీ మాట?

పలమనేరు_ఫిజీషియన్: అర్హత మాట ఎత్తొద్దండి. వరండా నిండా రోగులుంటే ఏ పేపరు చదువుతాడు? చదివి వేసింది తప్పయితే తిట్లు ఎవరికి? రాసినోళ్లకా, పెట్టినోళ్లకా? ఈ మందు ఎవరికి, ఎంత, ఎప్పుడు ఆపాల అని అదే రోజు ఒక పేజీ రాసి, కింద సంతకం పెట్టి బాధ్యత తీసుకునే మనిషి కావాల. అది లేకుండా తెరిస్తే బరువంతా ఆ చిన్న ఊరి డాక్టరు నెత్తిన పడుతుంది.

భవానీనగర్: ఈ మాట మొదట్లోనే చెప్పుంటే అయిపోయేది.

అలిపిరి_లైబ్రరీ: ఆ ఒక పేజీ రాసేవారికైనా పేపరు అందాలి కదా. పత్రికలకు కేంద్రమే చందా కట్టే ‘ఒకే దేశం ఒకే సబ్‌స్క్రిప్షన్’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టారు. 2025 జనవరి నుంచి నడుస్తోంది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు అది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో విద్యార్థికి తెరుచుకునే పేపరు పలమనేరు పక్కన పీహెచ్‌సీలో తెరుచుకోదు.

పలమనేరు_ఫిజీషియన్: పీహెచ్‌సీలనూ చేర్చమని అర్జీ రాయండి, మొదటి సంతకం నాది. ప్రిప్రింట్ మీద మాత్రం నా మాట మారదు.

కుప్పం_డేటా: డేటా సంగతి మళ్లీ వదిలేసినారు. 2021 ఏప్రిల్ చివర్లో వందల మంది శాస్త్రవేత్తలు ప్రధానికి రాసింది పేపర్ల కోసం కాదు. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దగ్గరున్న కోవిడ్ పరీక్షల లెక్కలు చూడనివ్వమని. అర్జీలో ఆ వాక్యం కూడా చేర్చండి.