బడి భోజనం తెల్లకార్డు ఉన్న ఇంటి పిల్లలకే పెట్టాలా? (మాట్లాడేవాళ్లని ఊరి పేర్లతో రాశాం.)

గజపతినగరం: క్యారేజీ కట్టి పంపగలిగే ఇళ్ల పిల్లలకీ సర్కారు అన్నం ఎందుకండి? కార్డు ఉన్నోళ్లకే పెడితే ఆ మిగులుతో కూర చిక్కగా వండొచ్చు. అమెరికాలో కూడా ఆదాయం చూసే పెడతారు.

పలాస: మిగులెంతో చూడండి మాస్టారూ. 60 మంది ప్రైమరీ బడి. తలకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. బియ్యం కాక పప్పు, కూర, నూనె, పోపు, గ్యాసు అన్నిటికీ 2025 మే నుంచి కేంద్రం కట్టిన రేటు 6.78 రూపాయలు. అంటే రోజుకి 406.80. 20 మందిని తీసేస్తే 271.20. పప్పు ఉడకడానికి పట్టే గ్యాసు మూడోవంతు తగ్గదు కదా, ఆ తేడా కూరలోంచే పోతుంది. పైగా 25 మంది దాకా వంటమనిషి ఒక్కరే, 26 దాటితే ఇద్దరు. 30 మంది ఉన్న బడిలో ఆరుగురిని తీస్తే ఒకావిడ పని ఊడినట్టే.

గజపతినగరం: మిగిలింది రేటు పెంచి ఇస్తే?

పలాస: ముందు పెంచమనండి, తర్వాత మాట్లాడదాం.

రాజాం: అమెరికా మాట ఎత్తారు గనక చెప్తాను. అక్కడ స్నాప్ అనే ఆహార సాయం అందే ఇంటి పిల్లలకి దరఖాస్తు లేకుండానే ఉచిత భోజనం. అలా గుర్తించిన పిల్లలు 25 శాతం ఉంటే (2023 దాకా 40) బడి మొత్తానికీ ఉచితంగా పెట్టుకోవచ్చు. అక్కడి కేంద్రం పూర్తి రేటు ఇచ్చేది ఆ శాతానికి 1.6 రెట్ల పళ్లాలకే. 50 శాతం ఉంటే నూటికి 80 పళ్లాలకి, 40కి దిగితే 64కే. 2025 జూలై చట్టం స్నాప్ షరతులు బిగించింది. అక్కడ స్నాప్ అందే ఇళ్లు తగ్గితే పక్కింటి పిల్ల పళ్లెం మీదా పడుతుంది. ఆ లంకె మనమెందుకు తెచ్చుకోవాలి?

ఇక్కడ ఈకేవైసీ కాక కార్డు ఆగితే తలకి 5 కిలోల రేషన్ బియ్యం పోతాయి, బడి అన్నం పోదు. 2013 ఆహార భద్రత చట్టం 5వ సెక్షన్ ఎనిమిదో తరగతి దాకా సర్కారు, ఎయిడెడ్ బడి పిల్లలందరికీ హక్కిచ్చింది, కార్డు ఊసే లేదు. చెన్నై వలస నుంచి నడిమధ్యలో తిరిగొచ్చిన పిల్లాడికీ అంతే. టీసీ రాలేదని చేర్చుకోకుండా ఆపకూడదు.

గజపతినగరం: హక్కుంది సరే, బియ్యం రాని రోజు ఏటి చేస్తారు?

రాజాం: మధ్యాహ్న భోజనం మీద కేంద్రం పెట్టిన 2015 రూల్స్ చూడండి. బియ్యం, గ్యాసు, వంటమనిషి, ఏది లేక వంట ఆగినా ఆ రోజుల బియ్యం, వంట ఖర్చు లెక్కగట్టి తర్వాతి నెల 15 లోపు పిల్లలకి ఇవ్వాలి. వరసగా మూడు రోజులు, లేదా నెలలో ఐదు రోజులు ఆగితే బాధ్యులెవరో తేల్చాల్సింది రాష్ట్రం. తేదీలు వేసి ఎంఈవోకి కాగితం మీద ఇవ్వండి, ఫోన్లో చెప్తే రికార్డుండదు.

పలాస: నకలు మీద స్టాంపు వేయించుకోడం మరవకండి.