అమ్మకి పొట్టలో నొప్పి పంపు పెట్టిద్దామంటున్నారు, ఎవరైనా పెట్టించారా?

తిలారు కుర్రాడు:
మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. అమ్మకి 61 ఏళ్ళు, పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్. కీమో ఆపేశారు. నొప్పి పొట్ట దగ్గర మొదలై వెనక నడుము దాకా పట్టేస్తుంది, వెల్లకిలా పడుకోలేదు, రాత్రంతా మంచం మీద కూర్చుని ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీదకి వంగిపోయి అలాగే తెల్లారుస్తుంది. మార్ఫిన్ మాత్రలు ఇస్తున్నాం, వేస్తే మత్తు, మలబద్ధకం, వెయ్యకపోతే కేకలు. విశాఖలో ఒక డాక్టరు పొట్ట చర్మం కింద పంపు పెట్టి వెన్నులోకి సన్నటి గొట్టం వేస్తే మందు నేరుగా వెళ్తుందన్నారు. ఖర్చు లక్షల్లో ఉంది. అమ్మేమో "నా పొట్టలో మిషనేటిరా, చచ్చాక తీస్తారా?" అంటోంది. పెట్టించిన వాళ్ళుంటే నిజం చెప్పండి, నాకు పిచ్చెక్కేలా ఉంది.

పార్వతీపురం చిన్నోడు:
అన్నా, మా నాన్నకి పెట్టించాం. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకింది. పంపు అరచేతిలో పట్టేంత గుండ్రటి డబ్బా, రెండు వేళ్ళ మందం, నాన్న బక్కగా ఉండేవాడు కాబట్టి చొక్కా పైనుంచే తెలిసేది. ముందు ట్రయల్ కింద వెన్నులోకి మందిచ్చి నొప్పి తగ్గుతుందో లేదో చూశాకే ఆపరేషన్ చేశారు. తర్వాత వారం తలనొప్పి, ఒంటికి దురద, ఒకరోజు ఉచ్చ రాక గొట్టం వేశారు. అవి సర్దుకున్నాక మాత్రం నాన్న అరుగు మీద కూర్చుని నాలుగు నెలల తర్వాత పేపరు చదివాడు, దానికి ఎంత ఖర్చయినా నాకు బాధ లేదు.

కానీ రీఫిల్ సంగతి ముందే ఆలోచించుకో. చర్మం మీద నుంచి సూది గుచ్చి పంపులో మందు నింపుతారు, మాకు ఆరేడు వారాలకోసారి పడేది, ప్రతిసారీ కారు మాట్లాడుకుని విశాఖ వెళ్ళాలి. ఒక రాత్రి ఇంట్లో ఎక్కడో బీప్ బీప్ అని మొదలైంది. ఫోన్లన్నీ చూశాం, ఇన్వర్టర్ చూశాం, మా ఆవిడ టీవీ ప్లగ్గు కూడా పీకేసింది, చివరికి చూస్తే శబ్దం నాన్న పొట్టలోంచి! మందు అడుగంటిందని అలారం. రీఫిల్ తేదీ రాసిచ్చిన కాయితం ఆస్పత్రి వాళ్ళు మాకు ఇవ్వనే లేదు, ఫోన్ చేస్తే "ఇవ్వడం మేమే మర్చిపోయాం" అన్నారు. మందు ఒక్కసారిగా ఆగితే వణుకు, చెమటలు, నొప్పి ఇంకా ఎక్కువగా తిరగబెడుతుంది, కాబట్టి తేదీ నువ్వే గోడ క్యాలెండర్ మీద రాసుకో.

చీపురుపల్లి నర్సు:
తమ్ముడూ, నేను పాలియేటివ్ వార్డులో, అంటే జబ్బు నయం కాని వాళ్ళకి నొప్పి, బాధ తగ్గించే చోట పనిచేస్తాను. పంపు మంచిదే. నోటితో 300 మిల్లీగ్రాముల మార్ఫిన్ చేసే పని వెన్నులో సుమారు 1 మిల్లీగ్రాము చేస్తుంది, మత్తు తగ్గేది అందుకే. కానీ అంతకంటే ముందు ఒక మాట చెప్పు. మాత్ర నొప్పి వచ్చినప్పుడే ఇస్తున్నారా, లేక గడియారం చూసి ఇస్తున్నారా? మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలే. కేకలు మొదలయ్యాక ఇస్తే ఎప్పుడూ వెనకబడే ఉంటాం. మన దగ్గర సగం మంది ఇదే చేస్తారు, అలవాటైపోతుందని భయం. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పినట్టు ఇస్తే ఆ భయం అక్కర్లేదమ్మా. విరేచనం మందు మాత్రం రోజూ పక్కనే ఉండాలి, అది రాయకుండా మార్ఫిన్ రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకోటి, పాంక్రియాస్ నొప్పికి సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అని ఉంది. వెన్ను ముందున్న నరాల గుంపు దగ్గర ఆల్కహాల్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి నెలల తరబడి ఊరట ఉంటుంది, పంపు కంటే ఎంతో చౌక. దాని గురించి అడిగావా? ఆవిడకి కొన్ని నెలలైనా టైముంటేనే లోపలి పంపు ఖర్చుకి అర్థం ఉంటుంది. లేకపోతే గొట్టం మాత్రం వేసి పంపు బయట పెట్టే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ నేరుగా అడుగు, మొహమాటపడకు.

రాజాం మాస్టారు:
నర్సమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా అక్కకి బ్లాక్ చేయించాం. రెండ్రోజులు విరేచనాలు, లేస్తే బీపీ పడిపోవడం, అంతే. మాత్రలు సగానికి తగ్గాయి. ఒకవేళ పంపు పెట్టిస్తే, స్కానింగ్‌కి వెళ్ళినా, ఏ ఆస్పత్రి గడప తొక్కినా లోపల పంపుందని ముందే చెప్పాలి, పంపు వివరాలుండే కార్డు జేబులోనే ఉండాలి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

తిలారు కుర్రాడు:
అక్కా, దొరికిపోయాను. నొప్పొచ్చాకే ఇస్తున్నాం, అదీ సగం మాత్ర, మా పెద్దప్ప అలవాటైపోతుందని విరిచి ఇస్తోంది. ఈ రోజు డాక్టరుకి ఫోన్ చేస్తే నాలుగు గంటలకోసారి నిండు మాత్రే ఇవ్వమన్నారు, పడుకునేముందు రెండు వేసి అర్ధరాత్రి లేపొద్దన్నారు. బ్లాక్ గురించి అడిగితే శుక్రవారం తీసుకురమ్మన్నారు, పంపు మాట ఆ తర్వాత చూద్దామన్నారు. ఫోన్లో అలారం పెట్టాను. పొద్దున్న ఆరింటికి మోగితే అమ్మ "పాసింజరు బండొచ్చిందిరా, నీళ్ళు తే" అంది.