రెండు భాషల్లో నడిచే పెద్దల మాటలను ఏ లిపిలో రాయాలి?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోని మా కుటుంబ పెద్దలు తొమ్మిదిమంది చెప్పిన జీవిత విశేషాలను ఫోనులో మొత్తం 11 గంటలు రికార్డు చేశాను. వారు తెలుగులో మొదలుపెట్టిన వాక్యం తరచూ ఒడియాలో ముగుస్తుంది. వాయిస్ టైపింగును తెలుగుకు అమర్చితే ఒడియా మాటలు అర్థంలేని తెలుగు అక్షరాలుగా వస్తున్నాయి. ఒడియాకు మార్చితే తెలుగు భాగం చెడిపోతోంది. భాషలవారీగా ముక్కలు చేయబోయాను గాని, అయిదారు మాటలకే భాష మారుతున్నందున అదీ సాగలేదు. చివరకు 40 నిమిషాల భాగాన్ని రెండు లిపుల్లో చేత్తో రాస్తే, విశాఖలోని పిల్లలకు ఒడియా లిపి, పర్లాకిమిడి పిల్లలకు తెలుగు లిపి రాక, ఇరువురూ సగంలోనే వదిలేశారు. అంతా ఒకే భాషలోకి అనువదించడానికి మనసొప్పడం లేదు. "పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిన ఏడు పుట్టాను" అని నాయనమ్మ చెప్పిన తీరు, 1936 అని రాస్తే మిగలదు.

మాట తీరు చెడకుండా ఇరువైపులవారూ చదవగలిగేలా ఇటువంటి మాటలను ఏ లిపిలో, ఏ పద్ధతిలో రాయాలో అనుభవమున్నవారు తెలుపగలరా?